1977: పైకి పోని కబురు, కిందికి రాని కబురు

(స్మారకోపన్యాస పాఠం)



మాష్టారు జీవితమంతా హైస్కూలు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పారు. ఆయన పేరు మీద జరిగే ఈ ఉపన్యాసంలో దేశ ప్రజాజీవితానికి సంబంధించిన విషయం ఏదైనా మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను ఒక్క సంవత్సరాన్ని ఎంచుకున్నాను. 1977.

ఈ సంవత్సరానికి రెండు జ్ఞాపకాలున్నాయి. పాట్నాలోనో లక్నోలోనో ఒక పెద్దాయన్ని డెబ్భై ఏడులో ఏం జరిగిందని అడిగితే ఓటు సంగతి చెబుతాడు. దివిసీమకు వచ్చి అవనిగడ్డలోనో నాగాయలంకలోనో అడిగితే ఉప్పెన సంగతి చెబుతారు. మొదటిది రాజకీయ చరిత్ర పుస్తకాల్లో ఉంది. రెండోది ప్రకృతి వైపరీత్యాల జాబితాలో ఉంది. ఒకే దేశంలో ఒకే ఏడాది ఎనిమిది నెలల తేడాతో జరిగిన ఈ రెంటినీ కలిపి చదవడం మనకు అలవాటు లేదు. కలిపి చదవాలని ఇవాళ నా ప్రయత్నం. జనం స్థితి ఏలేవారికి ఏ దారిన చేరుతుంది, ఏలేవారికి తెలిసినది జనానికి ఏ దారిన చేరుతుంది అన్న ప్రశ్నను ఆ సంవత్సరం రెండు సార్లు మన ముందు పెట్టింది. మొదటిసారి ఒక ప్రభుత్వం కూలింది. రెండోసారి ఊళ్లకు ఊళ్లు పోయాయి.

1977 జనవరి 18 సాయంత్రం ప్రధాని ఇందిరాగాంధీ ఆకాశవాణిలో మాట్లాడుతూ లోక్‌సభకు ఎన్నికలు జరుపుతున్నామని ప్రకటించారు. అప్పటికి అత్యవసర పరిస్థితి పెట్టి పందొమ్మిది నెలలు కావస్తోంది. ఎన్నికలు పెట్టి తీరాలన్న ఒత్తిడి చట్టపరంగా ఆమె మీద లేదు. 1976 మార్చిలో ముగియాల్సిన లోక్‌సభ గడువును అప్పటికే రెండుసార్లు పొడిగించారు. 42వ సవరణతో సభ కాలపరిమితినే ఆరేళ్లు చేశారు. మరి ఎందుకు ప్రకటించారన్నదానికి చరిత్రకారులు చాలా కారణాలు చెప్పారు. విదేశాల్లో వచ్చిన విమర్శ ఒకటి, అదే నెలలో పాకిస్తాన్‌లో భుట్టో ఎన్నికలు ప్రకటించడం ఒకటి, తన పాలనకు ప్రజామోదముద్ర కావాలన్న కోరిక ఒకటి. ఇవన్నీ ఉండవచ్చు. నాకు వీటన్నిటికన్నా బలంగా తోచేది ఇంకొకటి. గెలుస్తామని ఆమె నమ్మారు. అది తప్పని చెప్పగలిగిన నోళ్లన్నీ ఆ పందొమ్మిది నెలల్లో ఆమె ప్రభుత్వమే మూయించింది.

అది ఎలా మూయించిందో కాస్త వివరంగా చెప్పాలి. ఈ భాగాన్ని మనం సాధారణంగా 'సెన్సార్‌షిప్ విధించారు' అని ఒక్క వాక్యంలో దాటేస్తాం. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని పత్రికా కార్యాలయాలకు కరెంటు తీసేశారు. ఆ తర్వాత వార్త అచ్చు కావాలంటే సెన్సారు అధికారి అనుమతి కావలసివచ్చింది. ప్రెస్ కౌన్సిల్‌ను రద్దు చేశారు. 1976 ఫిబ్రవరిలో పీటీఐ, యూఎన్ఐ, హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి అనే నాలుగు వార్తా సంస్థలను కలిపి 'సమాచార్' పేరుతో ఒక్కటి చేశారు. నాలుగు కళ్లలో మూడు మూతపడ్డట్టే. అన్నిటికన్నా నన్ను బాధించేది పార్లమెంటు వార్తలకు సంబంధించిన చట్టం రద్దు. సభలో సభ్యులు మాట్లాడిన మాటలను పత్రికలు నిజాయితీగా అచ్చువేస్తే వారి మీద కేసులు పెట్టకూడదని 1956లో ఒక చట్టం వచ్చింది. అది ప్రైవేటు సభ్యుడి బిల్లుగా వచ్చిన చట్టం. దాన్ని ప్రతిపాదించిన సభ్యుడు రాయ్‌బరేలీ నుంచి గెలిచిన ఫిరోజ్ గాంధీ. ఇందిరాగాంధీ భర్త. ఆయన చనిపోయిన పదిహేనేళ్లకు ఆ చట్టాన్ని ఆమె ప్రభుత్వం తీసేసింది. తర్వాత ఏడాదిన్నర కూడా గడవకుండానే, అదే రాయ్‌బరేలీ ఆమెను ఓడించింది.

పత్రిక మూగబోతే ప్రభుత్వానికి ఏం మిగులుతుంది? అంకెలు మిగులుతాయి. 1976-77లో దేశవ్యాప్తంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు 80 లక్షలు దాటాయి. ఆ ఏడాదికి పెట్టుకున్న లక్ష్యం 43 లక్షలే. ఢిల్లీలో కూర్చున్నవారి బల్ల మీదికి ఈ అంకె వచ్చింది. లక్ష్యానికి దాదాపు రెట్టింపు. అంకెను చూసి సంతోషించినవారికి అది ఎలా వచ్చిందో చెప్పే కాగితం రాలేదు. ఉత్తరప్రదేశ్‌లో బడిపంతుళ్లకు ఇంతమందిని తెచ్చి తీరాలని కోటా పెట్టారు. తేకపోతే జీతం ఆపారు. మాష్టారి వృత్తిలోని మనుషులు తమ విద్యార్థుల తండ్రులను ఆపరేషన్ బల్ల మీదికి తీసుకుపోవలసి వచ్చింది. హర్యానాలో ఉట్టావర్ అనే ఊరిని 1976 నవంబరులో పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకుపోయారు. ముజఫర్‌నగర్‌లో ఎదురుతిరిగిన జనం మీద కాల్పులు జరిగాయి. పాత ఢిల్లీలో తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చి, అడ్డుపడ్డవారి మీద తుపాకులు పేల్చారు. ఇవేవీ మర్నాటి పత్రికల్లో ఉన్నవున్నట్టు రాలేదు. లక్ష్యం నెరవేరిందన్న అంకె పైకి వెళ్లింది. ఎలా నెరవేరిందన్న కబురు ఊళ్లలోనే తిరిగింది. చెట్ల కింద, బస్సుల్లో, సంతల్లో, ఆడపడుచుల పుట్టింటి ప్రయాణాల్లో తిరిగింది. మార్చిలో అదంతా ఒక్కసారిగా ఓట్ల పెట్టెలో పడింది.

ఎన్నికల ప్రకటన వచ్చిన వారం గురించి మాట్లాడేటప్పుడు ఒక పేరు చెప్పకుండా నేను ముందుకు పోలేను. స్నేహలతారెడ్డి. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన మన పఠాభి, అంటే నెల్లూరు పట్టాభిరామిరెడ్డి భార్య. మద్రాసులో ఇంగ్లీషు నాటకాలకు ఒక బృందాన్ని నిలబెట్టిన నటి. పఠాభి తీసిన కన్నడ చిత్రం 'సంస్కార'లో చంద్రి పాత్ర ఆమెదే. ఆ సినిమా జాతీయ ఉత్తమ చిత్రంగా బహుమతి పొందింది. సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌కు ఆ దంపతులు స్నేహితులు. ఆ స్నేహం కారణంగా 1976 మే నెలలో, ఫెర్నాండెజ్ ప్రధాన నిందితుడైన బరోడా డైనమైట్ కేసు పేరుతో స్నేహలతను అరెస్టు చేశారు. చివరికి దాఖలైన నేరారోపణ పత్రంలో ఆమె పేరే లేదు. అయినా విచారణ లేకుండా నిర్బంధించే 'మీసా' చట్టం కింద బెంగుళూరు సెంట్రల్ జైల్లో ఎనిమిది నెలలు ఉంచారు. ఆమెకు ఎన్నాళ్లుగానో తీవ్రమైన ఉబ్బసం. జైల్లో సరైన వైద్యం అందలేదు. ఇక కష్టమని తేలాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. మూడు రోజులకు రేడియోలో ఎన్నికల ప్రకటన వచ్చింది. ఇంకో రెండు రోజులకు, జనవరి 20న, ఆమె చనిపోయారు.

ఆమె జైల్లో రాసుకున్న దినచర్య తర్వాత పుస్తకంగా వచ్చింది. అత్యవసర పరిస్థితిలో లక్షమందికి పైగా నిర్బంధంలో ఉన్నారన్నది అంకె. ఆ అంకెలోని ఒక్కొక్కరు ఎవరో తెలుసుకోవడానికి ఇలాంటి పుస్తకాలు కావాలి. జైల్లో ఉన్న మనిషి విషయం న్యాయస్థానం వినడానికి కూడా ఆ రోజుల్లో దారి లేదు. ఆ దారిని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టే మూసింది. అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులకు హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదని అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు తీర్పిచ్చారు. అయిదో ఆయన హెచ్.ఆర్. ఖన్నా ఒప్పుకోలేదు. 1977 జనవరి చివరలో ప్రధాన న్యాయమూర్తి పదవి వరసప్రకారం ఆయనకు రావాలి. ఆయనకన్నా జూనియర్ అయిన బేగ్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు. ఎన్నికలు ప్రకటించిన తర్వాత, ఖైదీలు విడుదలవుతున్న రోజుల్లో, ఇది జరిగింది. ఆ నెలను స్వేచ్ఛ తిరిగివచ్చిన నెలగా వర్ణించేవారు ఈ సంగతి కూడా పక్కనే రాయాలి.

తర్వాతి రెండు నెలలు అందరికీ తెలిసిన కథే. ఫిబ్రవరి 2న జగ్జీవన్ రామ్ మంత్రివర్గం నుంచి బయటికి వచ్చారు. 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరణించారు. మార్చి 16 నుంచి 20 వరకు పోలింగు. అందరికీ తెలిసినా అందరూ గుర్తుంచుకోని సంగతి, ఆ ఓట్లు వేసిన నాటికి అత్యవసర పరిస్థితి ఇంకా అమల్లోనే ఉంది. రాయ్‌బరేలీలో ప్రధాని 55,202 ఓట్ల తేడాతో రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారని తేలాకే, 21వ తేదీన దాన్ని ఎత్తివేశారు. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలు, బీహార్‌లో 54. ఈ రెండు రాష్ట్రాల్లోనూ కలిపి కాంగ్రెసుకు ఒక్క స్థానం దక్కలేదు. జార్జి ఫెర్నాండెజ్ జైల్లో ఉండే ముజఫర్‌పూర్ నుంచి మూడు లక్షల పైచిలుకు ఆధిక్యతతో గెలిచారు.

అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెసు గెలిచింది.

ఈ అంకెను తెలుగువాళ్ల ముందు పెట్టి, మీకు స్వేచ్ఛ విలువ తెలియలేదా అని అడిగినవాళ్లు ఆ రోజుల్లో ఉన్నారు, ఇవాళా ఉన్నారు. మనలో కొందరు సిగ్గుపడ్డారు, కొందరు కోపం తెచ్చుకున్నారు. సిగ్గుతోనో కోపంతోనో సరిపెట్టకుండా ఆలోచించవలసిన ప్రశ్న ఇది. కర్ణాటకలో 28కి 26 కాంగ్రెసుకే వచ్చాయి. కేరళలో మొత్తం 20 స్థానాలూ కాంగ్రెసు ఉన్న కూటమికే. దక్షిణాది రాష్ట్రాల్లో దాదాపు అంతటా ఇదే వరస. ఉత్తరాదిలో అత్యవసర పరిస్థితి బీదవాడి శరీరం మీదికి వచ్చింది. అతనికి ఏ పత్రికా చెప్పనక్కరలేదు. మన దగ్గర ఆపరేషన్ల బలవంతం ఆ స్థాయిలో జరగలేదు. ఇళ్ల స్థలాలు, రుణ విముక్తి, భూసంస్కరణల చట్టం గురించిన ఆశ, వీటిలో కొంత నిజంగానే పేదల దాకా వచ్చింది. ఇక్కడివారు ఢిల్లీ సంగతి, ఉట్టావర్ సంగతి తెలుసుకోవాలంటే అది పత్రికలోనే రావాలి. పత్రిక పందొమ్మిది నెలలు మూగగా ఉంది. జనవరి నుంచి సెన్సారు పట్టు సడలిందన్నది నిజమే. రెండు నెలల వార్తలు పందొమ్మిది నెలల నిశ్శబ్దాన్ని పూడ్చలేవు.

అయితే వార్త తెలియగానే ఓటు మారుతుందని నేను చెప్పడం లేదు. 1978 ఫిబ్రవరిలో మన శాసనసభ ఎన్నికలు జరిగాయి. అప్పటికి, అత్యవసర పరిస్థితి నాటి అకృత్యాలను విచారించిన షా కమిషన్ ముందు బయటపడిన సంగతులు రోజూ పత్రికల్లో వస్తున్నాయి. అయినా కాంగ్రెసులోంచి విడిపోయి కొత్తగా పెట్టిన ఇందిరా కాంగ్రెసునే మన రాష్ట్రం గెలిపించింది. తెలిసి వేసిన ఓటు అది. దాన్ని గౌరవించాలి. ఓటరు అన్నీ తూచి వేస్తాడు, మనం తూచమన్నదే తూచాలని లేదు. నా మాట ఇంతవరకే: 1978లో తెలుగు ఓటరు చేతికి వచ్చిన సమాచారం 1977లో అతని చేతికి రాలేదు.

పైగా మన దగ్గర ఏమీ జరగలేదనుకోవడం కూడా తెలియకపోవడంలో భాగమే. 1975 జూలై 25న, అత్యవసర పరిస్థితి పెట్టిన సరిగ్గా నెలకి, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్‌ను, మరి ముగ్గురిని పోలీసులు చంపారు. ఎదురుకాల్పులని ప్రకటించారు. ఆ ప్రకటన తప్ప వేరే కథనం అచ్చయ్యే వీలు లేదు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో జస్టిస్ వి.ఎం. తార్కుండే నాయకత్వాన ఒక పౌరహక్కుల కమిటీ వచ్చి ఊళ్లలో తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. మన కె.జి. కన్నబిరాన్ ఆ కమిటీలో ఉన్నారు. వారిని చెట్లకు కట్టి కాల్చారని ఆ కమిటీ చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను వేయక తప్పలేదు. ఆ కమిషన్ ముందు కన్నబిరాన్ వాదించారు. పల్లెటూరి సాక్షులు బహిరంగ విచారణలో నిలబడి పోలీసులకు ఎదురుగా మాట్లాడిన దృశ్యం మన రాష్ట్ర చరిత్రలో అరుదైనది. ఆ విచారణ చివరి దాకా సాగలేదు. మధ్యలోనే ఆగింది. ఉత్తరాదిలో అత్యవసర పరిస్థితి అందరి వాకిట్లోకీ వచ్చింది, ఇక్కడ అడవిలోకి వెళ్లింది. అడవిలో జరిగింది ఊరికి తెలియడానికి రెండేళ్లు పట్టింది.

42లో మిగిలిన ఆ ఒక్క స్థానం నంద్యాల. అక్కడ గెలిచినవారు నీలం సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసు అధికారిక అభ్యర్థిగా నిలబడి కూడా వి.వి. గిరి చేతిలో ఓడి, ఇల్లూరు వెళ్లి వ్యవసాయం చేసుకున్న మనిషి. ఢిల్లీలో కొత్తగా అధికారంలోకి వచ్చిన జనతా పార్టీకి తెలుగునాట దక్కిన ఒకే ఒక్క సభ్యుడు ఆయన. మార్చి 26న లోక్‌సభ స్పీకరు అయ్యారు. రాష్ట్రపతి ఎన్నికకు 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురై, ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1977 జూలై 25న ప్రమాణం చేశారు. అప్పటి నుంచి రాష్ట్రపతులందరూ జూలై 25నే ప్రమాణం చేస్తున్నారు. గిరాయిపల్లికి అది సరిగ్గా రెండో వర్ధంతి. ఆ రెండు తేదీలు ఒకటే కావడం యాదృచ్ఛికమే. కానీ తెలుగువాళ్లకు ఆ తేదీన రెండూ గుర్తుకు రావాలని నా కోరిక.

కొత్త ప్రభుత్వం దెబ్బతిన్న దారుల్ని బాగుచేసే పని నిజంగానే మొదలుపెట్టింది. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం చీలికలతో, తగాదాలతో కూలిపోయింది కాబట్టి దాని పనిని కూడా మనం తేలిగ్గా తీసిపారేస్తాం. అది అన్యాయం. ఫిరోజ్ గాంధీ తెచ్చిన చట్టాన్ని ఆ ఏడాదే పునరుద్ధరించారు. ఆకాశవాణి, దూరదర్శన్‌లను ప్రభుత్వ పట్టు నుంచి ఎలా విడిపించాలో చెప్పమని ఆగస్టులో బి.జి. వర్గీస్ నాయకత్వాన ఒక బృందాన్ని వేశారు. అది చెప్పింది అంతా అమలు కాలేదు గాని, 1990లో వచ్చిన ప్రసారభారతి చట్టానికి మొదటి ఆలోచన అందులోదే. సమాచార్‌ను మళ్లీ నాలుగు సంస్థలుగా విడగొట్టారు. మే నెలలో వేసిన షా కమిషన్ సెప్టెంబరు చివర ఢిల్లీలో బహిరంగ విచారణ మొదలుపెట్టింది. తుర్క్‌మాన్ గేట్‌లో ఇల్లు పోయినవారు, జీతం ఆగిన పంతుళ్లు, సంతకాలు పెట్టిన అధికారులు, అందరూ ఒకే గదిలో చెప్పుకున్నారు. 1978లో మూడు నివేదికలు వచ్చాయి. తర్వాతి కాలంలో వాటి ప్రతులు దొరకడమే కష్టమైపోతే, పార్లమెంటు సభ్యుడిగా ఆ కాలాన్ని చూసిన ఇరా సెళియన్ పెద్ద వయసులో 2010లో మళ్లీ అచ్చువేయించారు. ఆ తమిళ పెద్దాయనకు మనమంతా రుణపడి ఉన్నాం.

వీటన్నిటిలో మన్నిక గల పని 44వ సవరణ. దానికి బీజాలు 1977లోనే పడ్డాయి. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకం అయిపోయాక, మర్నాడు తెల్లవారి ఆరు గంటలకు మంత్రులను పిలిచి చెప్పారు. దేశాన్ని ఏలే మంత్రివర్గానికే కబురు ఆలస్యంగా వచ్చిందన్నమాట. అందుకే 44వ సవరణ, మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి అత్యవసర ప్రకటన చేయకూడదని రాసింది. 'అంతర్గత కల్లోలం' అన్న సాకును తీసేసి 'సాయుధ తిరుగుబాటు' ఉంటేనే అంది. ఏ అత్యవసరంలోనైనా ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు ఉన్న హక్కును న్యాయస్థానంలో అడగకుండా ఆపడం కుదరదంది. ఖన్నా ఒంటరిగా చెప్పిన మాట మూడేళ్లు తిరిగేసరికి రాజ్యాంగంలోకి వచ్చింది.

కానీ గెలిచినవాళ్ల చెవులు కూడా త్వరగానే మూసుకుపోయాయి. మే 27న బీహార్‌లో పాట్నా దగ్గర బెల్చీ అనే ఊళ్లో భూస్వాముల ముఠా 11 మందిని చంపి మంటల్లో వేసింది. చనిపోయినవారిలో ఎక్కువమంది దళితులు. దాన్ని ముఠా తగాదాగా చెప్పడానికే అధికారంలో ఉన్నవారు మొదట ప్రయత్నించారు. అప్పటికి ఓడిపోయి, పార్లమెంటులో కూడా లేని ఇందిరాగాంధీ ఆగస్టులో వానల్లో, బురదలో, చివరికి ఏనుగు ఎక్కి ఆ ఊరికి చేరారు. అది రాజకీయం కాదా అంటే రాజకీయమే. ఆ ఊరికి ముందు వెళ్లవలసినవాళ్లు వెళ్లలేదు, అదీ నిజమే. జనవరిలో జనం మాట వినబడని మనిషి ఆగస్టుకల్లా వినడానికి వెళ్లింది. మార్చిలో జనం గొంతుతో గెలిచినవారు ఆగస్టుకల్లా వినడం మానేశారు. రెండున్నరేళ్లకు ఆమె తిరిగి అధికారంలోకి రావడానికి పునాది అక్కడే పడిందని నా అభిప్రాయం.

ఇక నవంబరు.

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే లోపల ఉన్న నేల దివిసీమ. మూడు వైపులా నీళ్లు. నవంబరు 19, శనివారం. వరి కంకి మీద ఉంది. అంతకు వారం ముందే, 12న, తమిళనాడులో నాగపట్నం దగ్గర ఒక తుఫాను తీరం దాటి వందల ప్రాణాలు తీసింది. ఆ వార్త అందరూ విన్నారు. వెనకే ఇంకొకటి బంగాళాఖాతంలో బలపడింది. వాతావరణ శాఖ హెచ్చరికలు ఇచ్చింది. ఆకాశవాణి చెప్పింది. తుఫాను వస్తోందని దివి జనానికి తెలియకపోలేదు. తుఫాను వాళ్లకు కొత్త కాదు. తెలియనిది, ఎవరూ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పనిది, సముద్రం లేచి ఊరి మీదికి వస్తుందని. తెలిసినా ఎక్కడికి పోవాలో చెప్పిన వారు లేరు. పోవడానికి ఎత్తయిన గట్టి కట్టడం లేదు. అయిదు మీటర్లకు పైగా లేచిన నీరు మైళ్ల తరబడి లోపలికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, గుల్లలమోద, సముద్రం ఒడ్డునున్న ఊళ్లలో ఇళ్లు నేలమట్టమయ్యాయి. అధికారిక లెక్కే 10,000 దరిదాపుల్లో ఉంది. ఆ ప్రాంతంవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువంటారు. చనిపోయినవారిలో ఎక్కువమంది జాలర్లు, కూలీలు, యానాదులు, గుడిసెల్లో ఉండేవాళ్లు.

ఇది ఆ తీరానికి మొదటి ఉప్పెన కూడా కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. తీరం పొడుగునా ఆ సంగతి కథగా చెప్పుకున్నారు. నూట పదమూడేళ్లలో ప్రభుత్వాలు ఏవీ దాన్ని హెచ్చరికగా మార్చలేదు.

తీగలు తెగాయి, దారులు పోయాయి. ఎంత నష్టమో హైదరాబాదుకు, ఢిల్లీకి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. తెలిశాక మాత్రం దేశమంతా కదిలింది. అవనిగడ్డ ప్రాంతానికి చెందిన మంత్రి మండలి వెంకటకృష్ణారావు శవాల మధ్య తిరిగి సహాయం నడిపించారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీధుల్లో జోలె పట్టారు. స్వచ్ఛంద సంస్థలు వచ్చి ఊళ్లు కట్టాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ వారాల్లో పత్రికలు స్వేచ్ఛగా రాశాయి. శవాల ఫోటోలు వేశాయి, హెచ్చరిక ఎందుకు అందలేదని ముఖ్యమంత్రి వెంగళరావు ప్రభుత్వాన్ని అడిగాయి, సహాయం అందని ఊళ్ల పేర్లు అచ్చువేశాయి. అదే ఉప్పెన ఒక ఏడాది ముందు, 1976 నవంబరులో వచ్చి ఉంటే ఆ ప్రశ్నలన్నీ సెన్సారు అధికారి బల్ల మీద ఆగిపోయేవి. మార్చిలో ఉత్తరాది ఓటర్లు గెలుచుకున్న స్వేచ్ఛ నవంబరులో దివిసీమ బాధితులకు పనికివచ్చింది. కాంగ్రెసుకు 41 స్థానాలిచ్చిన రాష్ట్రానికి, ఆ స్వేచ్ఛకు ఓటు వేయని తీరానికి. అందుకే ఈ రెంటినీ ఒకే సంవత్సరంగా చదవమంటున్నాను.

పైకి వెళ్లే కబురు దారి అలా తెరుచుకుంది. కిందికి వచ్చే దారికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరిక నేరుగా తీరంలోని కేంద్రాలకు చేరే ఏర్పాటు వచ్చింది. రెవెన్యూ ఉద్యోగులు ఊరూరా తిరిగి జనాన్ని ముందే తరలించే పద్ధతి అలవాటైంది. 1990 మే 9న దాదాపు అదే తీవ్రతతో, దాదాపు అదే చోట ఇంకొక తుఫాను తీరం దాటింది. ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందుగా ఖాళీ చేయించారు. మరణాలు వెయ్యికి లోపు. వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. కానీ పది వేలకూ వెయ్యికీ మధ్య ఉన్న మనుషులు పదమూడేళ్లలో ప్రభుత్వం నేర్చుకున్న పాఠం వల్ల బతికారు. వాళ్లెవరో వాళ్లకే తెలియదు.

దివిసీమలో చనిపోయినవారి గురించి ఒక ప్రతిపాదన చేసి ముగిస్తాను. అంకె ఉంది, పేర్లు లేవు. సామూహికంగా దహనం చేసినవారివి, ఇసుకలో పూడ్చినవారివి, సముద్రం తీసుకుపోయినవారివి ఊరి వారీగా పేర్లు, నాకు తెలిసినంతవరకు, ఎవరి దగ్గరా ఒకచోట లేవు. నాడు పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు అరవై దగ్గర పడింది. నాటి ఇరవై ఏళ్లవాళ్లకు డెబ్భై దగ్గర పడింది. ఇంకో పదేళ్లు పోతే చెప్పేవారుండరు. సభలో ఉన్న చరిత్ర, సాంఘిక శాస్త్ర విద్యార్థులు ఇద్దరిద్దరుగా ఒక్కో ఊరు తీసుకుని, ఇంటింటికీ వెళ్లి పేరు, వయసు, ఇంట్లో ఎందరు, ఎవరు మిగిలారు అన్నది రాసుకురావచ్చు. హెచ్చరిక విన్నారా, విని ఏం చేశారు అన్న ప్రశ్న తప్పకుండా అడగండి. జాలరిపేటలతో మొదలుపెట్టండి, వాళ్ల పేర్లే ముందుగా పోతున్నాయి. నా దగ్గర ఆనాటి పత్రికల కత్తిరింపులు కొన్ని ఉన్నాయి. వాటిని కళాశాల గ్రంథాలయానికి ఇస్తాను. ఈ ఉపన్యాసానికి నిర్వాహకులు ఇవ్వదలచిన పారితోషికం ఆ విద్యార్థుల బస్సు ఖర్చులకు వాడాలని మాష్టారి కుటుంబాన్ని కోరాను, వారు ఒప్పుకున్నారు. వచ్చే ఏడాది ఇదే వేదిక మీద ఎవరు మాట్లాడినా, ముందు ఆ జాబితాలో అప్పటికి చేరిన పేర్లు చదివించండి.